దొంతరా, పోపుల పెట్టా: కంప్యూటర్‌లో విండోలు మార్చుకోవడానికి ఎవరికి ఏది సరిపోతుంది

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మాదొక చిన్న ఆన్‌లైన్ సెంటర్, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడవారగా నాలుగు కుర్చీలు. పొద్దున్న తొమ్మిదికే ఎచ్చెర్ల నుంచో గార నుంచో నరసన్నపేట నుంచో పిల్లలు సర్టిఫికెట్ల కవరు పట్టుకుని వచ్చేస్తారు, వెనకాలే వాళ్ల అమ్మో నాన్నో, "బేగి కానీ బావూ, మళ్లీ బస్సెలిపోద్ది" అంటూ. ఒక్క అప్లికేషన్‌కి నా ముందు ఐదారు విండోలు తెరిచి ఉంటాయి: బ్రౌజర్‌లో ఫారం, ఫోటోలు వచ్చే వాట్సాప్ వెబ్, వాటి సైజు తగ్గించడానికి పెయింట్, మార్కుల మెమో పీడీఎఫ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, లెక్కలు రాసుకునే ఎక్సెల్. వీటి మధ్య రోజంతా తిరుగుతూనే ఉంటాను. అందుకే ఈ విషయం నాకు చాలా ముఖ్యం. పక్కన కూర్చున్నవాళ్లు ప్రతిసారీ విండో కిందికి దించి, ఇంకోటి వెతికి, మళ్లీ పైకి లేపడం చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇది నేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు.

ముందు ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఇద్దరు అమ్మాయిల ఫారాలు రెండు క్రోమ్ విండోల్లో ఒకేసారి తెరిచి పెట్టుకున్నాను. ఒకరికి ఓటీపీ రావడం ఆలస్యమైతే ఆలోగా ఇంకొకరిది మొదలుపెట్టాను. కింద పట్టీలో రెండూ ఒకే క్రోమ్ గుర్తు కింద ఉన్నాయి, మౌస్ పెడితే వచ్చే చిన్న బొమ్మల్లో రెండు ఫారాలూ అచ్చం ఒకేలా కనిపించాయి. ఒకరి సంతకం ఇంకొకరి ఫారంలోకి ఎక్కించేశాను, సబ్మిట్ చేసి ప్రింటు తీశాక గాని చూసుకోలేదు. తర్వాత తప్పులు దిద్దుకునే గడువు ఇచ్చారు కాబట్టి సరిచేయగలిగాం గాని, అప్పటిదాకా ఆ పిల్ల పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. కాబట్టి ఏ పద్ధతినైనా నేను రెండు ప్రశ్నలతో చూస్తాను: ఎంత తొందరగా వెళ్తున్నాను, వెళ్లాల్సిన చోటికే వెళ్తున్నానా. రెండోదే పెద్దది.

నేను చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, అయినా మన వైపు షాపుల్లో అది ఇంకా చాలా చోట్ల నడుస్తోంది. విండోస్ 7 ఉన్నవాళ్లకి కూడా కొంత పనికొస్తుంది, అన్నీ కాదు.

అందరికీ తెలిసింది మౌస్‌తో టాస్క్‌బార్, అంటే తెర కింది పట్టీ, మీద నొక్కడం. ఇందులో తప్పేమీ లేదు, చెయ్యి ఎలాగూ మౌస్ మీదే ఉండే పనుల్లో, అంటే ఫోటోలు కత్తిరించడం, బ్యానర్ డిజైన్ చెయ్యడం లాంటి వాటిలో, ఇదే సుఖం. టైపింగ్ మధ్యలో మాత్రం చెయ్యి కీబోర్డు నుంచి తీసి మౌస్ పట్టుకుని మళ్లీ వెనక్కి రావడం సాయంత్రానికి మణికట్టుకే తెలుస్తుంది. ఇది ఇష్టపడేవాళ్లు ఒక్క సెట్టింగ్ మార్చుకోండి: టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో బటన్లను కలిపేసే ఆప్షన్‌ని 'నెవర్' అని పెట్టండి. అప్పుడు ఒక్కో విండో పేరుతో సహా విడిగా కనిపిస్తుంది. విండోస్ 11 కొత్తగా వచ్చినప్పుడు ఇది తీసేశారు, 2023లో అప్‌డేట్‌తో తిరిగి ఇచ్చారు. నాకా సంతకం పొరపాటు జరిగిన రోజున ఈ సెట్టింగ్ పెట్టి ఉంటే జరిగేది కాదేమో. ఇంకొకటి, ఫోల్డర్‌లోని ఫోటోని పట్టుకుని లాగి, వదలకుండా కింద క్రోమ్ బటన్ మీద ఒక్క క్షణం ఆపితే ఆ విండో తానే పైకి వస్తుంది, అప్పుడు దాని మీద వదిలెయ్యొచ్చు. వాట్సాప్ వెబ్‌లో ఫైలు పంపడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు.

ఇక ఆల్ట్ ట్యాబ్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామందికి పేరు తెలుసు, లోపల ఏం జరుగుతుందో తెలియదు, "ఒక్కోసారి ఒక్కో వరసలో చూపిస్తోంది" అని విసుక్కుని వదిలేస్తారు. ఆ వరసకి ఒక పద్ధతి ఉంది. బల్ల మీద కాగితాల దొంతర ఉందనుకోండి, ఏ కాగితం తీసి చూసినా చూశాక దాన్ని పైనే పెడతారు కదా, కాసేపటికి ఇప్పుడిప్పుడే చూసినవి పైన, పొద్దున్నెప్పుడో చూసినవి అడుగున ఉంటాయి. ఆల్ట్ ట్యాబ్ దొంతర కూడా అంతే. పైన మీరున్న విండో, దాని కిందే అంతకు ముందు ఉన్న విండో. అందుకే ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ ఒక్కసారి నొక్కి వదిలేస్తే వెనకటి దానికి వెళ్తుంది, మళ్లీ నొక్కితే ఇక్కడికే వస్తుంది. పీడీఎఫ్‌లో మార్కులు చూడ్డం, ఫారంలో కొట్టడం, మళ్లీ చూడ్డం, మళ్లీ కొట్టడం, ఇలా రెండింటి మధ్య తిరిగే పనికి దీన్ని మించింది లేదు, కళ్లు మూసుకుని చెయ్యొచ్చు.

మూడో విండో వచ్చేసరికి కథ మారుతుంది. ఆల్ట్ వదలకుండా ట్యాబ్ రెండుసార్లు నొక్కాలి, నాలుగోదైతే మూడుసార్లు, పైగా ప్రతిసారీ దొంతర వరస మారిపోతుంది కాబట్టి చేతికి అలవాటు పట్టదు, కళ్లతో వెతుక్కోవాల్సిందే. ఐదారు విండోల మధ్య ఆల్ట్ ట్యాబ్‌నే నమ్ముకుంటే మౌస్ కంటే నెమ్మది. అయినా వాడాల్సి వస్తే కొన్ని తెలిసుండాలి. ఒకటి దాటిపోతే ఆల్ట్ వదలకుండా షిఫ్ట్ కూడా పట్టి ట్యాబ్ నొక్కితే వెనక్కి వస్తుంది. బాణం కీలతోనూ జరగొచ్చు. అక్కర్లేని విండో మీద ఉన్నప్పుడు డిలీట్ నొక్కితే అక్కడికక్కడే మూసేస్తుంది. ఆల్ట్ పట్టుకుని ఉండడం కష్టమైనవాళ్లు, వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, కంట్రోల్ ఆల్ట్ ట్యాబ్ మూడూ కలిపి నొక్కి చేతులు తీసెయ్యొచ్చు, ఆ జాబితా తెర మీద అలాగే ఉంటుంది, తాపీగా బాణాలతో ఎంచుకుని ఎంటర్ కొట్టొచ్చు.

తెలుగు కీబోర్డు కూడా పెట్టుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. చాలా కంప్యూటర్లలో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది. వెనక్కి రావాలని తొందరలో ట్యాబ్ అందక ఆ రెండే నొక్కి వదిలేశారంటే, తర్వాత ఇంగ్లీషులో కొట్టాల్సిన పేరు తెలుగులో పడుతుంది. ఎందుకిలా అయిందని కంగారు పడకండి, మళ్లీ అదే నొక్కితే సరిపోతుంది, లేదా విండోస్ కీతో (కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ) స్పేస్ నొక్కి భాష చూసుకోండి.

నేను ఎక్కువగా వాడేదీ, అడిగినవాళ్లకి ముందుగా నేర్పేదీ ఇంకొకటి ఉంది: విండోస్ కీ పట్టుకుని అంకె నొక్కడం. టాస్క్‌బార్‌లో ఎడమ నుంచి మొదటి ప్రోగ్రాం 1, రెండోది 2, అలా తొమ్మిది దాకా, పదోదానికి సున్నా. ఆ ప్రోగ్రాం తెరిచి లేకపోతే తెరుస్తుంది, తెరిచి ఉంటే దాని దగ్గరికి తీసుకెళ్తుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఉంది, కాబట్టి పాత మిషన్ల మీద కూడా పనిచేస్తుంది. ఆల్ట్ ట్యాబ్ దొంతర అయితే ఇది పోపుల పెట్టె. మా అమ్మ నూనె కాగుతుంటే పెట్టె వైపు చూడకుండానే ఆవాల గిన్నెలో చెయ్యి పెడుతుంది, ఎందుకంటే ఆవాలు ఎప్పుడూ ఆ గిన్నెలోనే ఉంటాయి. వాట్సాప్ ఎప్పుడూ 3 అయితే, మూడు రోజుల్లో వేలు దానంతట అది 3 మీదికి వెళ్తుంది, మీరు ఇప్పుడు ఎక్కడున్నారు, అంతకు ముందు ఎక్కడున్నారు అన్నదానితో సంబంధం లేదు.

దీనికి ఒక షరతుంది. ప్రోగ్రాంలను టాస్క్‌బార్‌కి పిన్ చేసి, అంటే మూసేసినా అక్కడే ఉండేలా పెట్టి, వరస ఒకసారి పెట్టాక మార్చకూడదు. నెలకోసారి మార్చితే పోపుల పెట్టెలో గిన్నెలు మార్చినట్టే, ఆవాలనుకుని మెంతులు వేస్తారు. షాపులో ఇద్దరు ముగ్గురు కూర్చునే కంప్యూటరైతే అందరూ కలిసి ఒక వరస ఒప్పుకోవాలి. రెండు కంప్యూటర్లుంటే రెండిట్లోనూ అదే వరస పెట్టండి, ఈ చిన్న పని చెయ్యక నేను చాలాకాలం ఇబ్బంది పడ్డాను.

దీని బలహీనత కూడా చెప్పాలి. ఒకే ప్రోగ్రాంలో నాలుగు విండోలుంటే అంకె ఒక్కసారి నొక్కితే సరిపోదు, విండోస్ కీ వదలకుండా అదే అంకె మళ్లీ మళ్లీ నొక్కి కావలసిన దాని దగ్గర వదలాలి. కంట్రోల్ కూడా కలిపి అంకె నొక్కితే ఆ ప్రోగ్రాంలో మీరు ఆఖరున వాడిన విండోకి నేరుగా వెళ్తుంది, ఇది చాలామందికి తెలియదు, చాలా బాగుంటుంది. కానీ రెండు క్రోమ్ విండోల్లో ఇద్దరి ఫారాలున్నప్పుడు ఏది ఎవరిదో ఇదీ చెప్పదు. దానికి నేను క్రోమ్‌లోనే ఒక మందు కనిపెట్టుకున్నాను. పైన మూడు చుక్కలు నొక్కి, మోర్ టూల్స్‌లో 'నేమ్ విండో' అనేది ఎంచుకుంటే ఆ విండోకి మనకు నచ్చిన పేరు పెట్టొచ్చు. వచ్చిన పిల్ల పేరే పెట్టేస్తాను. ఆ పేరు టాస్క్‌బార్‌లోనూ కనిపిస్తుంది, ఆల్ట్ ట్యాబ్‌లోనూ కనిపిస్తుంది. పేరు పెట్టనిదే ఇప్పుడు రెండో ఫారం తెరవను.

విండోస్ కీతో ట్యాబ్ నొక్కితే అన్ని విండోలూ తెర నిండా పరుచుకుంటాయి, చెయ్యి తీసేసినా అలాగే ఉంటాయి. ఏదో ఒకటి ఎక్కడో తెరిచాను, ఎక్కడుందో తెలియడం లేదు అనుకున్నప్పుడు ఇది. రోజువారీ తిరుగుడికి నెమ్మది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

కానీ అదే తెర మీద ఇంకో సౌకర్యం ఉంది, వేరే డెస్క్‌టాప్‌లు. విండోస్ 10తో, అంటే 2015 నుంచి ఉన్నాయి, 7లో లేవు. కంట్రోల్, విండోస్ కీ, డి కలిపి నొక్కితే ఖాళీగా కొత్త డెస్క్‌టాప్ వస్తుంది, కంట్రోల్, విండోస్ కీతో కుడి ఎడమ బాణాలు నొక్కి అటూ ఇటూ వెళ్లొచ్చు, ఆ రెండు కీలతోనే ఎఫ్4 నొక్కి మూసెయ్యొచ్చు. మూస్తే అందులోని విండోలు పోవు, పక్కదానిలోకి వచ్చేస్తాయి, భయపడక్కర్లేదు. ఒకదానిలో ఉన్నప్పుడు రెండోదానిలోని విండోలు మామూలుగా టాస్క్‌బార్‌లో గాని, ఆల్ట్ ట్యాబ్‌లో గాని కనిపించవు. ఒక కస్టమర్ పని మధ్యలో ఆగిపోయి ఇంకొకరిది మొదలుపెట్టాల్సి వస్తే, ఒకరి సామానంతా ఒక గదిలో పెట్టి తలుపు వేసి పక్క గదిలోకి వెళ్లినట్టు ఉంటుంది. తొందర కోసం చూస్తే ఇది గొప్పదేమీ కాదు. తప్పు జరగకుండా ఉండాలంటే మాత్రం నాకు దొరికిన వాటిలో ఇదే అన్నిటికంటే గట్టిది. ఒక్క చిక్కు, పక్క గదిలో ఏదో తెరిచి ఉందన్న సంగతే మర్చిపోతాం. మా దగ్గర పనిచేసే తమ్ముడు ఇలాగే ఒకటి మర్చిపోయి అదే ఫారం మళ్లీ మొదటి నుంచి నింపాడు. అందుకే రెండుకి మించి పెట్టొద్దని నా మాట.

అసలు తిరగడమే లేకుండా రెండూ పక్కపక్కనే పెట్టుకుంటే? విండోస్ కీతో ఎడమ బాణం నొక్కితే ఆ విండో ఎడమ సగానికి, కుడి బాణం నొక్కితే కుడి సగానికి వెళ్తుంది. ఎడమ పక్క మెమో, కుడి పక్క ఫారం, తల తిప్పితే చాలు. విండోస్ 11లో విండోస్ కీతో జెడ్ నొక్కితే ఇంకా రకరకాల అమరికలు చూపిస్తుంది. మెమో చూసి అంకెలు కొట్టేటప్పుడు ఆల్ట్ ట్యాబ్ కంటే ఇదే మేలు, ఎందుకంటే అంకెని మనసులో మోసుకెళ్లక్కర్లేదు, హాల్ టికెట్ నంబరులో 6, 8 తారుమారయ్యేది ఆ మోతలోనే. అయితే మీ తెర ఎంతుందో చూసుకోండి. మన దగ్గర పాత మానిటర్లు, చవక ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1366 పిక్సెళ్ల వెడల్పువి, సగం చేస్తే 683. ఆ వెడల్పులో చాలా వెబ్‌సైట్లు ఫోన్‌లో కనిపించినట్టు మారిపోతాయి, మెనూలు దాక్కుంటాయి, పాత ప్రభుత్వ సైట్లయితే కుడి పక్క సగం తెగిపోతుంది. కంట్రోల్‌తో మైనస్ నొక్కి అక్షరాలు చిన్నవి చేస్తే కొంత నయం, రెండు విండోల మధ్య గీతని లాగి ఫారానికి ఎక్కువ చోటు ఇస్తే ఇంకొంత నయం. 1920 వెడల్పు తెర ఉంటే సగానికి 960 వస్తుంది, అప్పుడు హాయిగా ఉంటుంది.

డబ్బు పెట్టగలిగితే రెండో మానిటర్ కొనండి. సెకండ్ హ్యాండ్‌ది చాలు. కొనే ముందు మీ సీపీయూ వెనక రెండో తెరకి పోర్టు ఉందో లేదో, అది హెచ్‌డీఎంఐనో వీజీఏనో చూసుకుని దానికి తగ్గ కేబుల్ తెచ్చుకోండి. పెట్టాక విండోస్ కీతో పి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోవాలి. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కితే విండో ఒక తెర నుంచి రెండో తెరకి దూకుతుంది. నేను మా రెండో తెరని కస్టమర్ వైపు తిప్పి పెట్టాను. ఫారం నింపడం అయ్యాక దాన్ని అటు పంపి, "ఒక్కసారి పేరు, పుట్టిన తేదీ చదువమ్మా" అంటాను. తన పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఆ పిల్లకి తెలిసినట్టు నాకు తెలియదు కదా. వాట్సాప్ మాత్రం అటు వైపు ఎప్పుడూ పెట్టను, అందులో ఇంకొకరి ఆధార్ ఫోటోలుంటాయి.

బ్రౌజర్ ట్యాబుల సంగతి వేరు. కీబోర్డులో ట్యాబ్ కీ, బ్రౌజర్‌లో ట్యాబులు, పేరొకటే కావడంతో కొత్తవాళ్లు తికమక పడతారు. క్రోమ్ లోపలి ట్యాబులు ఆల్ట్ ట్యాబ్‌కి కనిపించవు, వాటి మధ్య తిరగడానికి కంట్రోల్ ట్యాబ్, లేదా కంట్రోల్‌తో 1 నుంచి 8 దాకా అంకెలు, ఆఖరి ట్యాబ్‌కి 9. ఎడ్జ్ వాడేవాళ్లకి దాని ట్యాబులు కూడా ఆల్ట్ ట్యాబ్‌లో వచ్చేలా పెట్టుకునే వీలుంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో మల్టీటాస్కింగ్ చూడండి. నేనైతే అది ఆపేస్తాను, దొంతర మరీ పెరిగిపోతుంది. మాటిమాటికీ వెళ్లే ట్యాబ్ ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని బయటికి లాగేయండి, విడి విండో అయిపోతుంది, అప్పుడు పైన చెప్పిన పద్ధతులన్నీ దానికీ పనిచేస్తాయి.

విండోస్ కీతో వి కూడా తెలుసుకోండి. ఒకసారి ఆన్ చేసుకుంటే మీరు కాపీ చేసినవి 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, పేరు, నాన్న పేరు, ఊరు, పిన్‌కోడ్ అన్నీ ఒకేసారి కాపీ చేసుకుని వచ్చి ఒక్కొక్కటీ అతికించొచ్చు, నాలుగుసార్లు తిరగాల్సింది ఒక్కసారితో పోతుంది. విండోస్ 10లో 2018 అక్టోబరు అప్‌డేట్ నుంచి ఉంది. కానీ నలుగురు వచ్చే చోట ప్రతి కస్టమర్ లేచి వెళ్లగానే 'క్లియర్ ఆల్' నొక్కండి. అందులో ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉండిపోతాయి, అవి మనవి కావు.

మరి మీకేది? ల్యాప్‌టాప్‌లో క్లాసు వీడియో చూస్తూ నోట్సు రాసుకునే విద్యార్థికి ఆల్ట్ ట్యాబ్ ఒక్కటే చాలు, వీడియో ఆపకుండా రాసుకోవాలంటే పక్కపక్కనే పెట్టుకోండి, ఇంకేమీ నేర్చుకోవద్దు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా గాని, మాలాంటి సెంటర్లో గాని పనిచేసేవాళ్లు అంకెలతో మొదలుపెట్టండి, వారం తర్వాత విండోలకి పేర్లు పెట్టడం, ఆ తర్వాత రెండో డెస్క్‌టాప్. రోజంతా ట్యాలీ, ఎక్సెల్ మధ్య ఉండే అకౌంటెంట్లకి రెండో మానిటర్ పెట్టించమని షాపు యజమానిని అడగండి, గట్టిగా అడగండి, రోజంతా బిల్లులు చూసి కొట్టేవాళ్ల కళ్లకి, మెడకి అది చాలా మేలు చేస్తుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్ల చెయ్యి మౌస్ మీదే ఉంటుంది కాబట్టి బటన్లు కలవకుండా సెట్టింగ్ మార్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మ్యాక్ వాడేవాళ్లకి ఒక్క ముక్క: కమాండ్ ట్యాబ్ ప్రోగ్రాంల మధ్యే తిప్పుతుంది, ఒకే ప్రోగ్రాంలోని రెండు విండోల మధ్య తిరగాలంటే కమాండ్‌తో ట్యాబ్ పైనున్న కీ నొక్కాలి.

అన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి, వేళ్లు తడబడతాయి. మౌస్‌ని కాస్త దూరంగా జరిపి, జనం తక్కువుండే మధ్యాహ్నం పూట ఒకే పద్ధతిని ప్రయత్నించండి.

నా వరస కావాలంటే తీసుకోండి: 1 ఫోల్డర్, 2 క్రోమ్, 3 వాట్సాప్, 4 పీడీఎఫ్, 5 పెయింట్, 6 ఎక్సెల్. ఎక్కువ వాడేవి ఎడమ చేతి వేళ్లకి అందే అంకెల్లో పెట్టాను, లెక్కల ఎక్సెల్‌ని కావాలనే దూరంగా పెట్టాను, కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు పొరపాటున తెరుచుకోకూడదని.